ఎండిన కళ్ళ మీద తడి గుడ్డ

నేను ఒక మూరెడు గుడ్డను. పుట్టింది బండార్లంకలో, ఒక గుంట మగ్గం మీద. అప్పటికి నేను వేరుగా లేను. నాలుగు గజాల తెల్లపంచెలో, అంచు పక్కన కూడా కాదు, నడిమధ్య ఎక్కడో ఉండేదాన్ని. నన్ను నేసినాయన రోజంతా కూర్చున్నా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మనుషుల మనసులో ఏముందో వాళ్ళ చేతులకు తప్ప నోటికి తెలీదు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత నేను చూసినవాళ్ళలో చేతులకీ, నోటికీ, కళ్ళకీ ఒకదానితో ఒకదానికి పొత్తే కుదరలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో, వీర్రాజు అనే ఆయన పెళ్ళికని ఆ పంచె కొన్నారు. పెళ్ళయ్యాక అది ఇంట్లో కట్టుకునే పంచె అయింది. ఆయన చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి నన్ను చుట్టుకునేవాడు. ఆయన చెమట వాసన నాకు బాగా తెలుసు, మాట మాత్రం అంతగా తెలీదు. పెళ్ళాం సత్యవేణి మీద చెయ్యి చేసుకున్నవాడు కాదు. కూరలో ఉప్పు తగ్గితే కంచం పక్కకి నెట్టి లేచిపోయేవాడు, అంతే. ఆ నెట్టిన రోజు నుంచి పది రోజులు ఆవిడ ఉందో లేదో కూడా చూసేవాడు కాదు. కొడుకు అలా ముడుచుకుపోవడానికి కోడలి చాతకానితనమే కారణమని వాళ్ళమ్మ పల్లాలమ్మ నమ్మకం. మొగుడితో మాట్లాడ్డం రాని మనిషని నలుగురి ముందూ అనేది. సత్యవేణి బదులు చెప్పేది కాదు. అరుగు మీద కూర్చుని లేసు అల్లుకునేది. తెల్లదారం, సన్నటి కొక్కెం సూది, ఆ పువ్వులూ ఆకులూ తప్ప ఆవిడకి వేరే లోకం లేదు.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం పొద్దున చెరువు గట్టు మీద మోటారు స్విచ్చి వెయ్యబోయి వీర్రాజు కరెంటు తగిలి పోయాడు. ఆయన బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశారు. నేను ఆ రోజు దండెం మీద తడిగా ఉన్నాను కాబట్టి మిగిలిపోయాను.

కర్మకాండలు అయిన వారానికి ఊరంతా ఒక సంగతి గమనించింది. సత్యవేణి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బుగ్గలూ ముక్కూ కందిపోయి ఉన్నాయి. వీధిలోకొస్తే, కాస్త గాలి తగిలితే చాలు, నీళ్ళు ధారగా కారేవి. ఆరేళ్ళు మూతి బిగించుకు తిరిగిన పిల్ల లోపల ఇంత ప్రేమ దాచుకుందా అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. పల్లాలమ్మ అయితే పూర్తిగా మారిపోయింది. పొయ్యి దగ్గరికి కోడల్ని రానిచ్చేది కాదు. నందివర్ధనం పూలు తెచ్చి, నీళ్ళలో వేసి, మూసిన రెప్పల మీద తానే పెట్టేది. ఒకరోజు పెట్టె తీసి, నన్ను పంచె నుంచి చర్రున చింపి, కోడలి చేతిలో పెట్టింది. వాడి కోసం కారే నీళ్ళు వాడి గుడ్డతోనే తుడుచుకోమంది.

అక్కడ మొదలైంది నా అయోమయం. ఆ నీళ్ళు రోజూ నాలోకే ఇంకేవి. కానీ అవి వచ్చేటప్పుడు ఆవిడ గుండె ఎగసిపడేది కాదు, గొంతు పూడుకుపోయేది కాదు. వంకాయ తరుగుతూ, పక్కింటామెతో వానల గురించి మాట్లాడుతూ కూడా కళ్ళు కారేవి. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉండేవి. కళ్ళలో ఇసుక పోసినట్టు ఉందని, దురదగా ఉందని నన్ను పట్టుకుని గట్టిగా రుద్దుకునేది. రుద్దితే ఇంకా ఎర్రబడేవి. ఎర్రబడితే అత్తగారు ఇంకా దగ్గరికి తీసుకునేది.

సత్యవేణికి కూడా ఏమీ తెలియలేదు. మొదట్లో ఇది ఏడుపు కాదని చెప్పబోయింది. చెప్పేలోపే పల్లాలమ్మ ఆవిడ తల గుండెకి అదుముకుంది. పుట్టింట్లో తల్లి లేని పిల్ల. ఆ చేతుల్లోంచి బయటికి రాబుద్ధి కాలేదేమో, ఊరుకుంది. రోజులు గడిచే కొద్దీ ఆవిడకే అనుమానం వచ్చింది. తనకి తెలీకుండా తన కళ్ళు ఏడుస్తున్నాయా? ఒకరోజు మధ్యాహ్నం గదిలో వీర్రాజు ఫొటో ముందు కూర్చుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు మాత్రం ఒక్క చుక్క రాలేదు. లేచి అరుగు మీదకి వెళ్ళగానే ఎండకి బొటబొటా కారాయి.

మందుల షాపులో ఎరుపు తగ్గడానికని ఇచ్చిన చుక్కలు వేసుకుంటే ఒకపూట తెల్లబడి, మర్నాటికి రెట్టింపు ఎర్రబడ్డాయి. లేసులో పువ్వులు తప్పిపోవడం మొదలైంది. లేసు కొనుక్కెళ్ళే ఏజెంటు ఒక గుండ్రటి టేబుల్ గుడ్డ మొత్తం వెనక్కి పంపేశాడు. ఇక లాభం లేదని, వీర్రాజు పోయిన ఏడో నెలలో పల్లాలమ్మే కోడల్ని వెంటపెట్టుకుని భీమవరం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నేను సత్యవేణి గుప్పిట్లో ఉన్నాను.

హైమావతి అనే ఆ డాక్టరు కళ్ళకంటే ముందు బుగ్గలు చూసింది. వేడి టీ తాగితే మొహం మండుతుందా, ఎండలోకెళ్తే కందుతుందా అని అడిగింది. రెప్పల అంచులు భూతద్దంలోంచి పరీక్షించి, తడి కొలవడానికి సన్నటి కాగితం ముక్క కింది రెప్పలో పెట్టి కాసేపు ఉంచి తీసింది. తర్వాత నిదానంగా చెప్పింది. దీన్ని రోజేసియా అంటారు, మొహం చర్మానికి వచ్చే జబ్బే, కళ్ళ దాకా పాకింది. రెప్పల అంచున నూనె ఊరే సన్నటి గొట్టాలు మూసుకుపోతే కంటి మీది తడి నిలవకుండా ఆరిపోతుంది. కన్ను ఎండిపోయి, ఆ మంటకి తాళలేక నీళ్ళు కుమ్మరిస్తుంది. ఎంత కారినా కన్ను ఎండిపోయే ఉంటుంది.

పల్లాలమ్మకి అది ఎక్కలేదు. ఏడ్చి ఏడ్చి వచ్చింది కదా డాక్టరమ్మా, అంది.

"ఏడిస్తే వచ్చేది కాదమ్మా ఇది. ఎప్పట్నుంచి ఉంది?"

సత్యవేణి నన్ను నలిపేసింది. "పోయినేడు ఎండాకాలం నుంచి కాస్త కాస్తగా ఉందండి. ఆయన పోకముందు నుంచే."

డాక్టరు చీటీ రాసింది. తడినిచ్చే చుక్కలు, కొన్ని వారాల పాటు వేసుకునే మాత్రలు. పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి నీళ్ళలో పిండిన మెత్తటి శుభ్రమైన గుడ్డ రెప్పల మీద పది నిమిషాలు ఉంచి, ఆ తర్వాత అంచులు మెల్లగా తుడవాలి. పొయ్యి సెగకీ ఎండకీ దూరంగా ఉండాలి, రుద్దకూడదు. పూర్తిగా పోయే జబ్బు కాదు, చెప్పినట్టు చేస్తే అదుపులో ఉంటుంది అంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ పల్లాలమ్మ అడిగింది.

"ఒక్కసారన్నా ఏడ్చావా, వాడి కోసం?"

"లేదత్తా. ఏడుద్దామనే కూర్చున్నాను. రాలేదు."

మూడు రోజులు పల్లాలమ్మ వండేది, పెట్టేది, అవతలికి పోయేది. నందివర్ధనం పూలు కొమ్మ మీదే వాడిపోయాయి. నన్ను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసి, సత్యవేణి తన కాపడం తానే పెట్టుకుంది. కళ్ళు మూసుకుని నీళ్ళ వేడి చూసుకోవడం ఆవిడకి చేతయ్యేది కాదు. ఒకసారి చల్లారిపోయేవి, ఒకసారి మరిగిపోయేవి. నాలుగో రోజు పొద్దున నన్ను అలాగే పొగలతో రెప్పల మీద వేసుకుని అబ్బా అంది.

పల్లాలమ్మ వచ్చి నన్ను లాక్కుంది. మరిగిన నీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, నన్ను ముంచి పిండి, తన మణికట్టు మీద పెట్టుకుని చూసింది. కోడల్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి, నన్ను రెండు రెప్పల మీదా పరిచి, పైన అరచెయ్యి ఆనించింది.

"నువ్వు ఏడుస్తున్నావు కదా అని నేను ఆపుకున్నానే," అంది. "ఇద్దరం పడిపోతే ఇల్లెలాగని. ఏడు నెలల నుంచి."

ఆ తర్వాత ఆవిడ గొంతులోంచి వచ్చింది మాట కాదు. సత్యవేణి నన్ను కళ్ళ మీంచి తీసేసింది. అత్తగారి తల ఒళ్ళోకి తీసుకుని, ఇంకా వెచ్చగానే ఉన్న నాతో ఆవిడ మొహం తుడిచింది. తుడుస్తూనే ఉంది. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయినా ఇద్దరూ లేవలేదు. వీర్రాజు మంచివాడనీ చెడ్డవాడనీ వాళ్ళు ఒక్క మాట అనుకోలేదు. చిన్నప్పుడు వాడికి కొబ్బరి కోరు అంటే ఎంతిష్టమో మాత్రం పల్లాలమ్మ చెప్పింది. ఆరేళ్ళు కాపురం చేసినా ఆ సంగతి తనకి తెలీదని సత్యవేణి అంది.

ఈ నీళ్ళు అసలువి, ఆ నీళ్ళు కావు అని నేను చెప్పగలిగితే బాగుండును. చెప్పలేను. నాలో ఇంకినప్పుడు రెండూ ఒకే ఉప్పు.

రెండు నెలలకి ఎరుపు చాలావరకు తగ్గింది. గాలి వీచిన రోజు కొంచెం దురద పెడుతుంది, అంతే. లేసులో పువ్వులు తప్పడం లేదు. నాకు మధ్యలో చిరుగు పడితే, మిగిలిన పంచెలోంచి ఇంకో నాలుగు ముక్కలు చింపి వంతులవారీగా వాడుతున్నారు. నా వంతు రానప్పుడు దండెం మీద ఉండి వీధి చూస్తుంటాను.

నిన్న పక్కింటామె గుమ్మంలో నిలబడి, అరుగు మీద లేసు అల్లుతున్న సత్యవేణిని తేరిపార చూసింది. కళ్ళు తేటగా ఉన్నాయి. గొంతు తగ్గించి, అప్పుడే మర్చిపోయినట్టుందే మీ కోడలు, అంది పల్లాలమ్మతో.

పల్లాలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"దానిది జబ్బు, తగ్గింది," అంది. "ఏడ్చే పని నేను చూసుకుంటున్నాను."