ఏడింట మూడు వంతుల గొర్రె

...అసలు ఏడింట మూడు వంతుల గొర్రెను తల వైపు నుంచి కొలవాలా, తోక వైపు నుంచా? తల వైపు నుంచి అయితే ముందుకాళ్లు రెండూ వస్తాయి, అరవడానికి నోరు కూడా ఉంటుంది. తోక వైపు నుంచి అయితే ఆ కొడుక్కి తీరని అన్యాయం. వెంకటేశం అద్దం ముందు గడ్డం గీసుకుంటూ దీన్ని గురించే ఆలోచిస్తున్నాడు. ఆలోచించవలసింది ఇది కాదని అతనికి తెలుసు. అసలు సంగతికి ఎదురుపడలేక తన మనసు గొర్రె చాటున దాక్కుందనీ తెలుసు. తెలిసినా, దాన్ని బయటికి లాగబుద్ధి కావడం లేదు.

అసలు సంగతి హరినాథ్.

సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇద్దరూ పనిచేస్తారు. వెంకటేశం క్వాలిటీలో, హరినాథ్ స్టోర్స్‌లో. కంపెనీ బస్సు ముందు సంగారెడ్డిలో ఆగుతుంది. వెంకటేశం ఎక్కి, పక్క సీటులో తన టిఫిన్ సంచి పెట్టి, తర్వాతి ఊరు కందిలో హరినాథ్ ఎక్కగానే తీసేవాడు. అక్కడి నుంచి ఇస్నాపూర్ ట్రాఫిక్ దాటేదాకా హరినాథ్ ఏదో ఒక లెక్క అడిగేవాడు, వెంకటేశం విప్పేవాడు. రోజు మొత్తంలో వెంకటేశం తన కంటికి తాను తెలివైనవాడిగా కనిపించేది ఆ కాసేపే.

పోయిన శనివారం హరినాథ్ అడిగిన లెక్క ఇది:

"ఒకాయనకు పావు తక్కువ రెండు వందల గొర్లున్నయ్. ఐదో వంతు పెద్దకొడుక్కిచ్చిండు, ఏడో వంతు చిన్నోనికిచ్చిండు. ఆయనకెన్ని మిగిలినయ్?"

రెండు వందల్లో పావు యాభై. తీస్తే నూట యాభై. అందులో ఐదో వంతు ముప్పై. ఏడో వంతు ఇరవై ఒకటి, ఆపైన ఏడింట మూడు వంతులు. అక్కడ గొర్రె తెగింది.

"నీ లెక్క తప్పున్నది హరినాథ్."

"లెక్కల తప్పు లేదు. నువ్వే గొర్రెను కోస్తున్నవ్. పావు తక్కువ రెండొందలంటే నూట డెబ్బై ఐదు. మా తాత దుకాణంల ఉర్దూల పౌనే దో సౌ అంటుండె. నేను తెలుగుల చెప్పిన, గంతే."

"రెండొందల్ల పావు యాభై గాదా?"

"రెండొందల్ల పావు గాదు. ఒక్క వందల పావు."

"నడుమల వంద యాడికెల్లి వచ్చింది?"

డ్రైవర్ కొమురయ్య అద్దంలోంచి వెనక్కి చూశాడు. "మీరు కొట్లాడకుండ్రి సార్. ఆ మిగిలిన ముక్క నాకియ్యుండ్రి, రేపు ఆదివారమేనాయె."

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో తన మీదకు వచ్చేది ఎన్నో వంతో వెంకటేశం తేల్చుకోలేకపోయాడు. మొత్తం తన మీదకేనని తీర్మానించుకున్నాడు. అప్పుడే ఆ మాట నోరు జారింది.

"మీ తాత లెక్కలు దుకాణంల గిరాకీలను ముంచెటందుకు పనికొస్తయ్. గీడ గాదు."

హరినాథ్ మొహం అటు తిప్పుకున్నాడు. కోపం వస్తే అతను మాట్లాడతాడు. మొహం తిప్పుకున్నాడంటే గట్టిగా తగిలినట్టు. సోమవారం నుంచి వెనక సీటులో కూర్చుంటున్నాడు. బస్సుల సంగతి చూసే పూజ నిన్న వెంకటేశాన్ని ఆపి అడిగింది. "హరినాథ్ సార్ ఎల్లుండికెల్లి రెండో బస్సుల వస్తనన్నరు సార్. మీకేమన్న ఎరుకనా?" తనకేమీ తెలియదన్నాడు వెంకటేశం. అది అబద్ధం కిందకు రాదని చాలాసేపు తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

కాబట్టి మిగిలింది ఇవాళే.

సంచి మాత్రం ఈ వారమంతా ఆ పక్క సీటులోనే ప్రయాణం చేసింది. ఇదివరకు అక్కడ ఉంటే, ఈ చోటు హరినాథ్‌ది అన్నట్టు. ఇప్పుడు అక్కడే ఉంటే, హరినాథ్‌కు చోటు లేదన్నట్టు. సంచి అదే, చోటు అదే, అందులోని పప్పు కూడా ఇంచుమించు అదే.

ఫ్యాక్టరీలో కొలతగీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా వెంకటేశం ఆ సిరంజీని పక్కన పడేస్తాడు. తన మీద తాను జరిపే తనిఖీలో మాత్రం ఇంతవరకు ఏ సరుకూ వాపసు పోలేదు. అందుకే ఈ వారమంతా తప్పు అతనికి రకరకాల చోట్ల కనిపించింది. లెక్కలో, హరినాథ్ తాతలో, ఉర్దూలో, చివరికి తండ్రి బతికుండగానే ఆస్తి పంచుకున్న ఆ కొడుకుల్లో.

"ఏమయ్యా, పావు తక్కువ ఎనిమిదైంది," వంటింట్లోంచి భార్య శకుంతల కేకేసింది. "జల్దీ తెములు. ఎనిమిదింటికి బస్సు పోతది."

రేజరు చెంప మీదే ఆగింది. ఎనిమిదిలో పావు రెండు. తీస్తే ఆరు.

"ఎంత అన్నవ్?"

"పావు తక్కువ ఎనిమిది."

"అంటే ఆరా?"

శకుంతల గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఆరింటికి నువ్వు గుర్రు వెడుతుంటివి. ఏమైందిగ నీకు?"

"ఎనిమిదిల పావు రెండు గాదా?"

"ఎనిమిదిల పావు ఎవలన్న తీస్తరా? గంటల పావు తీస్తరు గని." అతని ముఖాన్ని కాసేపు పరీక్షగా చూసింది. "సబ్బు ఆరిపోతున్నది, ముందుగాల గడ్డం గీక్కో."

గంటల పావు. వందల పావు. నడుమ వంద ఎక్కడి నుంచి వచ్చిందో, గంట కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇన్నేళ్లుగా పావు తక్కువ ఎనిమిదికి తయారవుతున్నాడు, ఒక్కనాడూ ఆరింటికే పోయి రోడ్డు మీద నిలబడలేదు.

అయినా మనసు వెంటనే వకీలును పెట్టుకుంది. గడియారం వేరు, మంద వేరు, అన్నాడు వకీలు. గంట గొర్రె మెడలో ఉంటుంది గాని గొర్రె గంటలో ఉండదు, అని కూడా అన్నాడు. ఆ వాదన వినడానికి వెంకటేశానికే సిగ్గేసింది. ముఖం కడుక్కున్నాడు.

బస్సెక్కి, అలవాటుగా సంచిని పక్క సీటులో పెట్టి, లెక్క మళ్లీ మొదటి నుంచి చేశాడు. నూట డెబ్బై ఐదు. పెద్దవాడికి ముప్పై ఐదు. చిన్నవాడికి ఇరవై ఐదు. మిగిలినవి నూట పదిహేను. ఏ గొర్రెకూ గాటు పడలేదు. నిశ్చింతగా మేస్తున్నాయి.

ఇక ఏమనాలి? 'నీ లెక్కే కరెక్టు' అనొచ్చు. మరీ లొంగిపోయినట్టుంటుంది. 'రెండు తీర్లా అనొచ్చు' అంటే? అందులో హరినాథ్‌కు సగమే దక్కుతుంది. 'తాత మాట నేను మనసుల పెట్టుకొని అనలే' అంటే? పెట్టుకునే అన్నాడు. ఏ వాక్యం కట్టినా అందులో కొంత తన కోసం దాచుకుంటున్నాడు. పావు తక్కువ క్షమాపణ. అది దేంట్లో పావో ఇతను చెప్పడు, అవతలివాడు తేల్చుకోవాలి.

కందిలో బస్సు ఆగింది. హరినాథ్ ఎక్కాడు.

"ఏం సార్, రేపటికెల్లి మమ్ముల ఇడిసిపెడుతున్నవంట," అన్నాడు కొమురయ్య. "మరి ఈ గొర్ల పంచాయితి ఎవలు తెంపాలె?"

"మీరే తెంపుకోండ్రి. కోసుడు తెల్సినోళ్లు బస్సులనే ఉన్నరు గద."

ముందు సీట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మొత్తం నిజంగా తనదేనని వెంకటేశం ఈసారి లెక్క లేకుండానే ఒప్పుకున్నాడు. కట్టుకున్న వాక్యాలన్నీ పక్కన పెట్టేశాడు.

హరినాథ్ సీట్ల మధ్య నుంచి నడిచి వస్తున్నాడు, చూపు వెనక సీటు మీదే పెట్టుకుని. బస్సు కదిలింది. అతను నిలదొక్కుకోవడానికి పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

వెంకటేశం సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.