కుడి కణత దగ్గరి గీతలు

టెక్నీషియన్ టేపు తీసి అతని ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా కొలిచింది. తర్వాత ఒక చెవి నుంచి రెండో చెవి దాకా కొలిచి, పెన్సిల్‌తో మాడు మీద గుర్తులు పెట్టింది. కుర్చీలో అతని మోకాలు ఆడుతూనే ఉంది.

"దర్జీ కూడా ఇన్ని కొలతలు తియ్యడు మేడమ్," అన్నాడు.

"అక్కడ కదిలితే చొక్కా పాడవుతుంది. ఇక్కడ కదిలితే నా గీతలు పాడవుతాయి. కాలు ఆపండి."

అతను టవర్ క్రేన్ నడుపుతాడు. కింద పనిచేసేవాళ్లు అతన్ని పైవాడు అంటారు. కిందటి వారం గొట్టాల కట్ట గాల్లో ఉండగా క్రేన్ ఆగిపోయింది. వాకీటాకీలో ఎంత పిలిచినా పైనుంచి జవాబు లేదు. కాసేపటికి వచ్చింది: "ఏమైంది, ఎందుకలా అరుస్తున్నారు?"

పిలిచింది అతని బావమరిది. కింద నిలబడి, ఎత్తమని దించమని చెప్పే పని అతనిది. సూపర్‌వైజర్ మెదడు పరీక్ష చేయించుకుని రమ్మన్నాడు. రిపోర్టు బాగుంటే సోమవారం ఎక్కొచ్చు. లేకపోతే ఎక్కేది లేదు. క్రేన్ నడపడం తప్ప అతనికి వేరే పని రాదు.

"చాడీకోరు వచ్చాడా?" అని భార్యని అడిగాడు. ఆమె గోడ పక్కన స్టూల్ మీద కూర్చుని ఉంది.

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "చాడీ ఏంటి బావా, వాకీటాకీలో సైట్ మొత్తం వింటే!"

"నువ్వు గొంతు చించుకోకపోతే ఎవడు వినేవాడు?"

"సరేలే, ఈసారి చెవిలో ఊదినట్టు పిలుస్తా."

టెక్నీషియన్ బావమరిదిని వరండాలోకి పంపి తలుపు వేసింది. గుర్తు పెట్టిన చోటల్లా పేస్టు రాసి వైర్లు అంటించింది. కంప్యూటర్ మీద గీతలు వరసగా నడవడం మొదలుపెట్టాయి. స్క్రీన్ ఒకసారి అతనివైపు తిప్పింది.

"ఒక్కో గీత తలలో ఒక్కో చోటుది. కళ్లు మూయండి. తల వెనక గీతల్లో అలలు వచ్చాయి. తెరవండి. పోయాయి, చూశారా? రెప్ప వేస్తే ముందు గీతలు ఎగురుతాయి. పళ్లు బిగిస్తే కణతల దగ్గర అంతా గజిబిజి. ఇప్పుడు బిగిస్తున్నారు."

అతను పళ్లు వదిలాడు. "మా ఆవిడ గొంతు ఏ గీతలో పడుతుంది?"

"అది పడితే మిషన్ కాలిపోతుందని భయం కాబోలు," అంది భార్య.

టెక్నీషియన్ నవ్వి స్క్రీన్ తనవైపు తిప్పుకుంది. పక్కనున్న మంచం మీద పడుకోమంది. బలంగా, ఆపకుండా ఊపిరి తీసి వదలమంది. అతను చేశాడు. మధ్యలో ఆగి, టైమెంతయిందని అడిగాడు. రిపోర్టు ఈరోజే ఇస్తారా అని అడిగాడు. మళ్లీ చేశాడు. ఊపిరి మామూలుకి వచ్చాక సైట్ సంగతులు మొదలుపెట్టాడు. "గాలి వీచిన రోజు పైన క్రేన్ గది ఊగుతుంది. కొత్తవాళ్లయితే..."

అక్కడ ఆగాడు.

స్క్రీన్ మీద కుడి కణత దగ్గరి గీతలో మొనలు లేచాయి. పక్క గీతకి పాకాయి. మిగతా గీతలు ముందులాగే నడుస్తున్నాయి. అతని పెదవులు ఏదో రుచి చూస్తున్నట్టు కదిలాయి. కుడిచెయ్యి చొక్కా గుండీని తడమసాగింది. టెక్నీషియన్ లేచి అతని మంచం దగ్గరికి వెళ్లింది.

"వినపడుతోందా? నేనొక మాట చెబుతున్నాను. గొడుగు. గుర్తుపెట్టుకోండి. గొడుగు."

భార్య లేచి నిలబడింది. దగ్గరికి రాలేదు.

మొనలు తగ్గాయి. చెయ్యి గుండీని వదిలింది. అతను కప్పువైపు చూశాడు, భార్యవైపు చూశాడు. "నువ్వెందుకు నిలబడ్డావు?"

"ఇందాక మీకొక మాట చెప్పాను," అంది టెక్నీషియన్. "ఏంటది?"

"ఏ మాట? మీరేం చెప్పలేదు. నేనే కదా మాట్లాడుతున్నా."

"గుర్తుపెట్టుకోమన్నాను."

"అనలేదు మేడమ్. నన్ను ఇరికించాలని చూడకండి." మోచేతుల మీద లేచాడు. "ఏమే, ఆవిడేమైనా అందా?"

భార్య మంచం దగ్గరికి వచ్చింది. తర్వాత అంది: "గొడుగు. రెండుసార్లు చెప్పారు. నేను విన్నాను."

అతను ఆమెనే చూస్తూ ఉన్నాడు.

"ఇంట్లో కూడా ఇంతే అవుతోంది," అంది ఆమె. "గుండీ పట్టుకుంటారు. పిలిస్తే పలకరు. కాసేపటికి మామూలుగా అన్నం పెట్టమంటారు."

"ఎప్పట్నుంచి?" అన్నాడు అతను.

"వానలు మొదలవకముందు నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే పైకి వెళ్లరు. వెళ్లకపోతే మీరు ఇంట్లో ఎట్లా ఉంటారో నాకు తెలీదా? అదే తగ్గిపోతుందిలే అనుకున్నా."

"కింద నీ తమ్ముడు ఉంటాడే."

"తెలుసు. సాయంత్రం వాడు ఫోన్ చేసేదాకా నాకు ఏ పనీ సాగేది కాదు."

అతను తలుపువైపు తిరిగి కేక వేశాడు. బావమరిది లోపలికి వచ్చి, బావ తలని చూసి ఏదో అనబోయి, అక్క మొహం చూసి ఊరుకున్నాడు.

"ఆ రోజు గొట్టాల కింద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు బావా."

"మీ అక్కని కాదు, నన్ను చూసి చెప్పు."

బావమరిది అతనివైపు తిరిగాడు. "నేనే ఉన్నా. వెనక గోడ, పక్కన ఇసుక లారీ. తప్పుకోవడానికి చోటు లేదు. అందుకే అంతలా అరిచా."

అతను చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇంకా పరీక్ష అవలేదండీ," అంది టెక్నీషియన్. "రిపోర్టు డాక్టరు గారు రాస్తారు. ఆయన చూడకుండా నేనేమీ చెప్పకూడదు."

"మీరేం చెప్పొద్దు మేడమ్. ఒక్క నిమిషం." సూపర్‌వైజర్‌కి కలిపాడు. అవతల మిక్సర్ తిరుగుతున్న చప్పుడు గదిలోకి వినిపించింది. "సార్, నేనే. సోమవారం క్రేన్ ఎక్కడానికి వేరేవాణ్ణి చూసుకోండి."

అవతలివైపు నుంచి "ఆఁ? ఏంటీ?" అని వినిపించింది.

అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. వైర్లు బిగుసుకుని గీతలన్నీ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. టెక్నీషియన్ ఆపమనలేదు.

"ఎక్కను సార్," అని వరండా దాకా వినపడేలా అరిచాడు. "నేను ఎక్కను."