కూత లేని పిండిమర

శుభవార్త వచ్చింది గానీ ఎవరికీ వినపడలేదు. గులాం మొహిద్దీన్ గోడ మీదుగా తల పెట్టి అరుస్తున్నాడు, చేతులు ఊపుతున్నాడు. ఇవతల పెరట్లో గోంగూర ఒలుస్తున్న ఎస్తేరు తనూ నవ్వి చేతులు ఊపింది. పెళ్ళయిన కొత్త, ఎవరు నవ్వినా ఆమెకి నవ్వొచ్చేది. చివరికి ఆయనే వెనక్కెళ్ళి, తన పిండిమర ఇంజను ఆపి వచ్చి చెప్పాడు.

"మరకి కరెంటిచ్చారమ్మాయ్! ఇంక ఈ నూనె ఇంజనుకి సెలవు. మోటారే!"

గోంగూర ఎగిరి ఎస్తేరు జడలో పడింది.

సాగరు డ్యాము కడుతున్న రోజులవి. మాచవరంలో ఆ ఇంజను మోత అంతా ఇంతా కాదు. దాని పొగగొట్టం మీద మొహిద్దీన్ కావాలనే ఒక ఇనప డబ్బా బోర్లించి కట్టాడు. పొగ తన్నినప్పుడల్లా "టుక్కు టుక్కు"మని కూత. అది వినపడితేనే "మర ఆడతాంది" అని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు జొన్నలూ మిరపకాయలూ నెత్తినెత్తుకుని బయల్దేరతారు.

గోడకి ఇవతల కొత్త కాపురం. భర్త దేవానందం బడిపంతులు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి భార్యతో ముద్దుమాట చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. ఒకరోజు "నీ జడంటే నాకు ప్రాణమే!" అని అరుస్తుండగా ఇంజను టక్కున ఆగింది. ఆ వారమంతా మరకొచ్చిన ఆడవాళ్ళు ముందు ఎస్తేరు జడ చూసి, ఆ తర్వాతే పిండి పట్టించుకున్నారు.

అత్త మార్తమ్మ సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఆమెకి రక్తపోటు. చప్పుడన్నా ఆగాలి, ఇల్లన్నా మారాలి అన్నాడు పిడుగురాళ్ళ డాక్టరు.

"నాకేం చప్పుడు బాబూ? అలవాటైపోయింది. అది లేకపోతే నిద్దరే పట్టదు."

"నీకు అలవాటైందమ్మా, నీ గుండెకి కాలేదు. కంటికి రెప్పుంది, చెవికి లేదు. మోత వచ్చినప్పుడల్లా ఏదో ముంచుకొచ్చిందని మెదడు గుండెకి కబురంపుతుంది. గుండె పరుగెత్తుతుంది, నాళాలు బిగుసుకుంటాయి. రోజూ ఇదే పనైతే, మెదడులో ఒక నాళం చిట్లిందంటే కాలూ చెయ్యీ పడిపోతాయి."

ఇల్లు మారడమంటే అత్తని చిలకలూరిపేటలో ఆడబిడ్డ దగ్గరికి పంపడమే. ఎస్తేరుకి ప్రాణం ఒప్పలేదు. బి.ఏ. చదివి పప్పు మాడబెట్టే కోడలి వంటని "మా అమ్మా ఇట్టాగే చేసేది" అని లొట్టలేసుకుంటూ తినే అత్త ఇంకెక్కడ దొరుకుతుంది?

మోటారు వచ్చింది. తుమ్మెదలా సన్నగా పాడింది. ఎస్తేరుకి పోపులో ఆవాలు చిటపటలాడటం వినపడింది, తన గాజులు తనకే వినపడ్డాయి. దేవానందం మొదటిసారి గుసగుసలాడితే, ఈయన గొంతు ఇంత మెత్తనా అని మురిసిపోయింది. మార్తమ్మ మాత్రం "ఏందే, ఊరు చచ్చినట్టుంది" అని రెండు రోజులు సణిగి, మూడోనాడు మధ్యాహ్నం పడుకుని దీపాలవేళకి లేచింది. డాక్టరు పట్టీ చుట్టి చూసి, పోటు దిగిందన్నాడు.

అంతా బాగానే ఉంది, మరకి మాత్రం పొరుగూళ్ళ నుంచి ఒక్కరూ రాలేదు. కూత లేదంటే మర మూతపడ్డట్టే కదా! ఇంజను పేలిందన్నారు కొందరు. మొహిద్దీనే పోయాడన్నారు ఇంకొందరు. పిల్లుట్ల నుంచి ఆడవాళ్ళు ఏడుస్తూ ఆయన భార్య షాహిదాని ఓదార్చడానికి వచ్చారు. వాళ్ళకి టీ తెచ్చిచ్చింది మొహిద్దీనే.

ఆ సాయంత్రం ఆయన పొగగొట్టం డబ్బా చేత్తో పట్టుకుని వచ్చాడు. "అక్కా, మళ్ళీ ఇంజనే పెట్టాలి. కూత లేందే మా ఇంట్లో పొయ్యి రాజదు."

"పెట్టుకో తమ్ముడూ. నా గుండె కోసం నీ పిల్లల నోరు కొడతానా? నేనే పేట పోతాలే," అంది మార్తమ్మ.

ఎస్తేరుకి డాక్టరు మాట గుర్తొచ్చింది. కంటికి రెప్పుంది, చెవికి లేదు... చటుక్కున లేచింది. "మామా! చెవికి చెప్పే మాట కంటికి చెబుదాం. మర ఆడినప్పుడు జెండా ఎత్తుదాం!"

"ఎర్ర జెండానా? కమ్యూనిస్టు మీటింగనుకుంటారు," అన్నాడు దేవానందం.

"పచ్చదైతే ఎవరో పీరు వెలిశాడని చక్కెర చదివించడానికొస్తారు," అన్నాడు మొహిద్దీన్.

"తెల్లది కడితే చర్చి పండగని బువ్వకొస్తారు," అంది మార్తమ్మ.

ఎస్తేరు చూపు మెల్లగా భర్త మీదికి దిగింది. నీలం గళ్ళ లుంగీ. ఆ గళ్ళు ఏ పార్టీవీ కావు, ఏ దేవుడివీ కావు.

దేవానందం రెండు చేతులా నడుము పట్టుకున్నాడు. "ఏమే, ఇది పెళ్ళికి కొన్నదే!"

"కొత్తది గనకే దూరానికి మెరుస్తుందండీ. మామా, మీరు తెల్లారేసరికి పొడుగాటి సరుగుడు కర్ర పాతించండి. అత్తయ్యా, మీరు పేట ఊసెత్తొద్దు. ఏమండీ, రేపు బడిలో పాఠం కన్నా ముందు, మర మీద గళ్ళగుడ్డ ఎగిరితే మర ఆడుతున్నట్టేనని పిల్లలందరి చేతా ఇళ్ళకి కబురంపండి. లుంగీ ఇప్పుడే ఇస్తే ఉతికి ఆరేస్తాను."