వేడి లేని వెలుగు

"రేపటికల్లా ఆయన నోరు తెరుచుకోకపోతే ఆ మెషిన్‌ని మళ్లీ పెట్టెలో పెట్టేయ్!"

పెద్ద డాక్టరు తలుపు దగ్గరే తేల్చేసి వెళ్లిపోయాడు. చిన్న డాక్టరమ్మ పట్టుబట్టి తెప్పించిన లేజర్ అది. కోసి కుట్లేసిన చోట ఆ వెలుగు పెడితే నొప్పి, వాపు తగ్గుతాయని కనబడ్డ పేషెంటుకల్లా చెప్పింది. ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి కుర్చీ ఎక్కింది కన్నతండ్రే.

ఆయన పేరుమోసిన వెల్డరు. అడ్డంగా మొలిచిన జ్ఞానదంతాన్ని ఆమే కోసి తీసింది. నిన్న లేజరూ పెట్టింది. అయినా దవడ బంతిలా ఉబ్బింది. పళ్ల మధ్య వేలు కూడా దూరడం లేదు.

"వేడి లేని వెలుగేం వెలుగమ్మా? మా షెడ్డులో అయితే ఇనుమే కరిగిపోతుంది," పళ్ల సందుల్లోంచే గొణిగాడు.

"నీ దవడ ఇనుం కాదు నాన్నా. కదలకు."

ఇద్దరూ నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. లేజర్ మొన బుగ్గకు ఆనించి మీట నొక్కింది. మెషిన్ 'కీ' మంది. ఈసారి ఆమె చూపు మెషిన్ తెర మీద లేదు, తండ్రి మొహం మీద ఉంది.

దొరికింది! చప్పుడు వినగానే ఆయన మెడ చటుక్కున పక్కకు తిరిగింది. మొన జారి చెవి కిందికి పోయింది.

"ఎందుకు తిప్పుతున్నావ్?"

"నేనా? తిప్పలేదే!"

మళ్లీ నొక్కింది. మళ్లీ తిరిగింది. మాస్కు లేనప్పుడు పక్కవాడి వెల్డింగ్ చప్పుడు వినబడగానే మొహం తిప్పేసుకోవడం అలవాటైన మెడ అది. నిన్నంతా తను తెర చూస్తూ కూర్చుంటే, వెలుగు వాపు మీద పడనే లేదు!

ఎడమచేత్తో ఆయన తలను తన భుజానికి అదిమి పట్టుకుంది.

"చంటిపిల్లాణ్ణి చేశావే నన్ను!"

"కదిలావంటే అమ్మకు చెప్తా."

మెడ గుంజింది. చెయ్యి సడలలేదు. సాయంత్రం ఇంకోసారి పెట్టింది, మర్నాడు పొద్దున్నే మరోసారి.

పెద్ద డాక్టరు వచ్చి ఆయన పళ్ల మధ్య రెండు వేళ్లు నిలువుగా పెట్టి చూశాడు. పట్టాయి.

"మందుల వల్ల కూడా కావచ్చుగా?"

"కావచ్చు సార్. ఇది మందులకు తోడే."

పెద్ద డాక్టరు తలాడించాడు. "సరే. తర్వాతి పేషెంటుకు నువ్వే పెట్టు."

అంతలో బయటి గదిలోకి వెళ్లిన తండ్రి గొంతు ఖంగుమంది. "మా అమ్మాయే కోసింది, మా అమ్మాయే కుట్టింది, వాపూ మా అమ్మాయే దించింది!"

ఆమె సిగ్గుతో బయటికి పరుగెత్తింది. "నాన్నా, చాల్లే! దవడకు విశ్రాంతి కావాలి."

"నోరు తెరవమన్నది మీరేగా డాక్టరు గారూ!" అని, అప్పుడే వచ్చి కూర్చున్న పెద్దావిడకు కథంతా మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

ఆమె లోపలికి వచ్చి తలుపు వేయబోయింది. వేయలేదు. ఆ గొంతు వినబడేలా కొంచెం తెరిచే ఉంచింది.