నాగేశ్వరి కారులో తొప్పి నాదం

నడివయసులో మృదంగం నేర్చుకోవడం మొదలుపెడితే, విన్నదాన్ని మళ్లీ వినడానికి చోటు దొరకదు. నాగేశ్వరి సోమాజిగూడలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌ చూసుకునేది. కాకినాడ మనిషి. అపార్టుమెంట్లో పక్కింటివాళ్లది రాత్రి డ్యూటీ కాబట్టి పగలంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. అందుకని గురువు అచ్యుతరావు గారి పాఠాలు ఫోన్లో రికార్డు చేసుకుని కారులో వినేది.

"కుడిచెయ్యి ఎవరికైనా వినిపిస్తుందమ్మా. ఎడమచెయ్యి వినడం నేర్చుకో" అనేవారాయన. మృదంగానికి ఎడమవైపును తొప్పి అంటారు. ఆ లోతైన నాదం ఆమె చిన్నకారు స్పీకర్లలో అట్టపెట్టె మీద తట్టినట్టుండేది.

అందుకే అమీర్‌పేటలో వీర్రాజు దుకాణంలో, స్పీకర్లకు బలమిచ్చే ఆంప్లిఫయర్ కొని అక్కడే పెట్టించుకుంది. లోతైన నాదం పలికించే, ఆమె డిక్కీకి సరిపడే వూఫర్ పెట్టె మాత్రం ఆయన దగ్గర లేదు. పంజాగుట్టలో హనుమాండ్లు దగ్గర దొరికింది. "ఒక్కటేంది మేడమ్, రెండు పెట్టిస్తా. మస్తుంటది" అని ఆయన జంట వూఫర్లు కలిపి ఇచ్చాడు.

మస్తుగానే ఉంది, శనివారం పొద్దున క్లాసుకు బయలుదేరేదాకా. పంజాగుట్టకు వచ్చేసరికి పాఠం ఆగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. వెనకనుంచి కాలిన ప్లాస్టిక్ వాసన. ఆమె పాఠం ఆపేసి, మెల్లగా హనుమాండ్లు దుకాణం ముందుకు పోనిచ్చి, ఇంజను ఆపేసింది.

హనుమాండ్లు డిక్కీ తెరిచి ఆంప్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. "నా వూఫర్లకు ఏం కాలే మేడమ్. గీ ఆంపే ఖరాబున్నది. ఏడ కొన్నరు?"

"వీర్రాజు గారి దగ్గర."

ఆయన మొహం మాడిపోయింది. "గట్లనా. అయితే గాయన్నే అడుగుండ్రి."

ఆమె వీర్రాజుకి ఫోన్ చేసింది. వూఫర్లు కలిపింది హనుమాండ్లని చెప్పగానే ఆయన మధ్యలోనే అడ్డుపడ్డాడు. "నా ఆంప్‌లో లోపం ఉండదండి. కలిపినాయన్నే అడగండి."

ఆ ఇద్దరూ ఒకప్పుడు అమీర్‌పేటలో ఒకే దుకాణం నడిపారని, హనుమాండ్లు వేరుపడి వచ్చాక మాటల్లేవని ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆమెకు తెలిసింది ఒక్కటే: ఇద్దరూ తప్పు ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటున్నారు.

"వీర్రాజు గారూ, మా ల్యాబ్‌లో రిపోర్టు తప్పొస్తే రక్తం తీసినవాళ్లు మెషీన్‌ని అంటారు, మెషీన్ దగ్గరివాళ్లు రక్తం తీసినవాళ్లని అంటారు. పేషెంటుకి ఆ గొడవెందుకండి? మీరొచ్చి ఒక్కసారి ఈ కారు దగ్గర నిలబడండి. ఆయనా నిలబడతారు."

ట్రాఫిక్‌కి భయపడి వీర్రాజు మెట్రోలో వచ్చాడు. ఒకటే స్టేషను. వచ్చి, హనుమాండ్లు వైపు చూడకుండా మీటరు తీసి వూఫర్ల తీగలకు ఆనించాడు.

"ఒక ఓమ్ చూపిస్తోందండి. ఈ ఆంప్ రెండు ఓమ్స్‌కి తగ్గితే తట్టుకోదు. ఓమ్స్ అంటే నిరోధం, అది తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కి ఆగిపోతుంది. డబ్బా మీదే రాసుంది."

హనుమాండ్లు మీటరులోకి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు. "ఔ. నేనే సూస్కోలే. జోరుగ రావాలె అని కలిపేసిన." తర్వాత బానెట్ కింద వంగి, "మరి గిది సూడు" అన్నాడు. "గంత ఆంప్‌కు గీ సన్న తీగనా? బ్యాటరీ కాడ ఫ్యూజు సుత లేదు. ఏడన్న తీగ ఒరుసుకుపోతే బండే అంటుకుంటది. వాసనొచ్చింది గీ తీగదే."

వీర్రాజు వంగి చూశాడు. తీగ మీది తొడుగు ఒకచోట మెత్తబడి మెరుస్తోంది. "మా కుర్రాళ్లు బిగించారు. నేను చూడాల్సింది" అన్నాడు నెమ్మదిగా.

తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. లావు తీగ వేశారు. బ్యాటరీ పక్కనే, జానెడు దూరం దాటకుండా, ఫ్యూజు పెట్టారు. "పట్టకారు" అని ఒకరంటే రెండోవాళ్లు అందించారు. వూఫర్ల దగ్గర మాత్రం వాదన మొదలైంది. తీగలు మార్చి నాలుగు ఓమ్స్‌కి తెస్తే రెండూ ఉంచొచ్చని హనుమాండ్లు, ఒక్కటే ఉంచితే సరిగ్గా రెండు ఓమ్స్ వస్తుంది, దాని శక్తికి ఆంప్ శక్తి కూడా సరిపోతుందని వీర్రాజు.

"రెండింట్లో ప్రమాదం ఏదండి?" అంది నాగేశ్వరి.

"ఏదీ లేదు" అన్నారిద్దరూ.

"అయితే రెండూ వినిపించండి."

హనుమాండ్లు చివరిదాకా తిప్పి పెట్టిన, ఆంప్ జోరు పెంచే గెయిన్ మీటను వీర్రాజు బాగా తగ్గించాడు. పాఠం పెట్టారు. ఆమె ముందు సీట్లో కళ్లు మూసుకుని, అలా ఒకసారి, ఇలా ఒకసారి వింది. అచ్యుతరావు గారి ఎడమచెయ్యి తొప్పి మీద ఒత్తి జారుతుంటే ఆ నాదం సాగి వంగడం మొదటిసారి స్పష్టంగా తెలిసింది. 

"రెండూ బాగున్నాయి" అంది కళ్లు తెరిచి. "ఒక్కటే ఉంచండి. డిక్కీలో నా మృదంగం పడుతుంది."

వీర్రాజు నవ్వాడు. హనుమాండ్లు కూడా నవ్వి, లోపల్నుంచి చిన్నపెట్టె తెచ్చి ఒక వూఫర్‌ను అందులోకి మార్చాడు. తర్వాత చాయ్ తెప్పించాడు.

"ఇంటికాడ అందరు మంచిగున్నరా?" అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"బాగున్నారు. ఒకసారి రారాదూ" అన్నాడు వీర్రాజు.

"వస్త."

క్లాసుకు చాలా ఆలస్యమైంది. నాగేశ్వరి వీర్రాజును కూడా ఎక్కించుకుని అమీర్‌పేట మీదుగా అటే బయలుదేరింది. ఆయన వెనక సీట్లో కూర్చుని, దారిలో రెండుసార్లు డిక్కీలోకి వంగి ఆంప్ తాకి చూసి, "చల్లగానే ఉందండి" అన్నాడు.  బస్సుల మధ్య కారు అంగుళం అంగుళం కదులుతుంటే ఇద్దరూ పాఠం వింటూ కూర్చున్నారు. స్టీరింగు మీద ఆమె ఎడమచెయ్యి మెల్లగా తాళంలో పడింది.