ఆరో చుట్టు

అన్నగారికి తన హామ్ రేడియో దగ్గర ఉన్నంత ఓపిక మనుషుల దగ్గర ఉండేది కాదు. అరవై దాటినా కోపం ముక్కు మీదే. తమ్ముడు పోయిన నెలకు మరదలు పిలిచి, అతని పనిగదిలో బల్ల ముందు కూర్చోబెట్టి ఒక రేకు డబ్బా ఇచ్చింది.

"మీకు చూపించాలని ఆయన దీన్ని ఎన్నిసార్లు బయటికి తీశారో బావగారూ. మళ్లీ లోపల పెట్టేసేవారు."

డబ్బాలో నలభై ఫెరైట్ రింగులు, రేడియోల్లో తీగచుట్టలకు వాడేవి. అన్నీ ఒకే బూడిద రంగు, పేరూ గుర్తూ లేనివి. అలాంటివి ఏ రకమో తెలియాలంటే తీగ చుట్టి, మీటరుతో కొలిచి, చుట్ల లెక్క కట్టి పట్టికలో వెతుక్కోవాలి. తమ్ముడు ప్రతిదానికీ ఎర్ర తీగ చుట్టి, కొలతా చుట్లూ రాసిన చీటీ కట్టాడు. అన్ని చీటీల చివరా ఒకటే మాట: "ఏ రకమో తెలియదు. అన్నయ్యను అడగాలి."

అడగకపోలేదు. ఎనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున, అన్నదమ్ములూ మరికొందరూ ఎవరి సెట్లోంచి వాళ్లు మాట్లాడుకునే రేడియోలో, పదిమంది వింటుండగా తన లెక్కలో వచ్చిన అంకె చెప్పి అడిగాడు. అలాంటి సరుకు లోకంలో ఇంకా పుట్టలేదని, కొలవడం చేతకానివాడికి రేడియో ఎందుకని అన్నగారు నవ్వారు. పదిమందీ నవ్వారు. ఆ తర్వాత తమ్ముడి గొంతు మళ్లీ వినపడలేదు. వాడే ముందు పలకరించాలని అన్నగారి పంతం. పంతం నెగ్గింది, తమ్ముడే లేకుండా పోయాడు.

ఒక్క రింగుకైనా జవాబు చెప్పి వాడి రుణం తీర్చుకోవాలనిపించింది. మీటరు పెట్టి చూస్తే తమ్ముడి కొలత అక్షరాలా సరిపోయింది. చీటీలో చుట్లు ఐదని ఉంది. ఐదుతో లెక్క కడితే ఏ పట్టికలోనూ లేని అంకె వచ్చింది. రింగును వెలుతురుకి తిప్పి, తీగ రంధ్రంలోంచి ఎన్నిసార్లు దూరిందో చూశారు. ఆరు. తీగ రంధ్రంలోంచి దూరిన ప్రతిసారీ ఒక చుట్టు కిందే లెక్క; తమ్ముడు బయట కనిపించే చుట్లే లెక్కపెట్టాడు. ఆరుతో కడితే అందరి దగ్గరా ఉండే మామూలు రకం.

ఈ తెలివి వీడికి ఎవరు నేర్పారని విసుక్కోబోయి ఆగిపోయారు. పన్నెండేళ్ల తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, బయటివే లెక్కపెట్టరా అని చెప్పింది తనే. కొన్నేళ్లకు పుస్తకంలో చూసి తను దిద్దుకున్నారు. వాడికి చెప్పడం మరిచారు. వాడు చివరిదాకా అన్నయ్య మాటే పట్టుకున్నాడు.

ఏ రకమో తెలిసిందా అని మరదలు గుమ్మంలోంచి అడిగింది.

"తెలిసిందమ్మా. వాడు సరిగ్గానే కొలిచాడు. లెక్క నేనే తప్పు నేర్పాను."

ఆమె లోపలికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఆదివారాలు రేడియోలో మీరు మాట్లాడేది ఆయన వింటూనే ఉండేవారు బావగారూ. ఒక్క వారం మానలేదు. ఎప్పుడైనా తన ఊసు ఎత్తుతారేమోనని."

ఎనిమిదేళ్లలో అన్నగారు ఒక్కసారీ ఎత్తలేదు. ఆయన కళ్లు తుడుచుకుని చీటీ తిప్పారు. రింగు రకం రాసి, దాని కింద "చుట్లు ఆరు. తప్పు నాదిరా" అని రాశారు. ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి. రెండోది చేతిలోకి తీసుకున్నారు.