అత్తయ్య దిగిన బండి

ముందే చెప్పేస్తున్నాను, వరస తప్పొచ్చు. గులాబీ ముందు పూసిందో, డీజిల్ బండి ముందు వచ్చిందో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. జరిగినవి మాత్రం జరిగినట్టే చెబుతాను. ముందువెనకలైతే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

ఆ రాళ్ళపనివాళ్ళ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది అత్తయ్య. లేచీలేవగానే చేసే పని మంచానికి కట్టిన తాడు విప్పడం. మంచాన్ని కిటికీ ఊచలకు కట్టకపోతే ఫాను గాలికే గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు జరిగిపోయేది. ఆవిడ దేనిమీద కూర్చుంటే అది దూదిలా తేలికైపోతుంది మరి. దాని కింద ఏముంటే అదీ అంతే, నేల దాకా. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే ఆవిడకు మేడమీద గది ఎప్పుడూ ఇవ్వలేదు.

నిలబడితే మాత్రం ఏమీ లేదు. అందరిలాంటి మనిషే. మోకాళ్ళ నొప్పులతో సహా.

అత్తయ్యకు మేనల్లుడు ఒక్కడే. ఇంటి వెనక రేకుల షెడ్డులో రాతి బెంచీలు, మెట్లు, తొట్లు చేసేవాడు. పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. అతని భార్య లెక్కలూ బేరాలూ చూసుకునేది, బండి కూడా ఆవిడే నడిపేది. మేనల్లుడికి రాయి చెప్పినట్టు వింటుంది గానీ స్టీరింగ్ వినదు.

బెంచీ తయారయితే అత్తయ్య దానిమీద కూర్చునేది. మొగుడూ పెళ్ళాం చెరో పక్కా పట్టుకుని ఎత్తి, మూడు చక్రాల ట్రాలీలో పెట్టేవాళ్ళు.

"అత్తయ్యా, రాయి బరువు లేదు గానీ నువ్వున్నావే, నడుం విరుగుతోంది" అనేవాడు మేనల్లుడు ప్రతిసారీ.

"మరి రాత్రి రెండోసారి వడ్డించిందెవరు? నీ పెళ్ళామేగా" అనేది అత్తయ్య గాల్లోంచి.

ట్రాలీ నిండేదాకా దాని నడుం కింద దుంగలు ఆనించి ఉంచేవాళ్ళు. చివర్న అత్తయ్య స్టూలు వేసుకుని బరువంతటి మీదా ఎక్కి కూర్చున్నాక, దుంగలు లాగేసేవాళ్ళు. ఇక ఆ బుల్లి బండి ఖాళీ అగ్గిపెట్టెలా ఎగురుకుంటూ పోయేది.

దారిలో ఆగేది ఒక్కచోటే, ఊరి చివర కాటా దగ్గర. రాయి తూకాన్ని బట్టి అమ్ముతారు కాబట్టి కొనేవాళ్ళకు కాటా చీటీ కావాలి. అత్తయ్య పైన ఉంటే ముల్లు కదలదు. కాబట్టి అక్కడ ఆవిడ దిగాలి. దిగగానే ట్రాలీ టైర్లు చపాతీల్లా అణిగిపోయి, ఇరుసు మూలిగేది. ముల్లు కుదురుకోగానే మేనల్లుడు కేకవేసేవాడు. "అత్తయ్యా, ఎక్కు ఎక్కు, విరిగేట్టుంది."

ఆ కాస్త సందులోనే కాటాయన టీ గ్లాసు అందించేవాడు.

కాటాయనది పొడుగు ముఖం, తక్కువ మాట. భార్య పోయి చాలాకాలమైంది. కాటా పక్కనే చిన్న గది, గది ముందు ఒక చెక్క బెంచీ, బెంచీ పక్కన కుండీలో గులాబీ మొక్క. అల్లంత దూరాన ట్రాలీ కనబడగానే పొయ్యి వెలిగించేవాడు. అత్తయ్య దిగి, నిలబడే రెండు గుక్కలు తాగి, గ్లాసు ఆయన చేతికిచ్చి పరిగెత్తేది. మిగిలింది ఆయన గులాబీకి పోసేవాడు. ఏళ్ళ తరబడి ఆ మిగులు తాగి గులాబీ కిటికీ దాటి పైకప్పు అందుకుంది.

"ఆయన టీలో పంచదార ఉండదే" అని అత్తయ్య ఇంటికొచ్చి కోడలితో చెప్పేది. "చప్పగా ఉంటుంది, పాపం."

"మరెందుకు తాగుతారు అత్తయ్యా?"

"ఇస్తే కాదంటామా?"

కోడలు నవ్వుకునేది. కాటా వెళ్ళే రోజున అత్తయ్య ఇస్త్రీ చీర కడుతుందని కోడలికి తెలుసు. రాళ్ళ దుమ్ములో కూర్చోబోయే మనిషికి ఇస్త్రీ చీరెందుకని మాత్రం అడిగేది కాదు.

ఇలా ఉండగా కొండమీద కడుతున్న కొత్త ఆసుపత్రి తోటకు రాతి బెంచీలు కావాలని కబురొచ్చింది. చాలా బెంచీలు. రోడ్డు నిటారు. ట్రాలీ ముందు ఇరుసుకు అప్పటికే బీట. మెకానిక్కు చూసి, మేనల్లుడితో కాకుండా అత్తయ్యతో మాట్లాడాడు. "పెద్దమ్మా, ఇంక దీనిమీద కూర్చున్నంత సేపే ఇది బండి. మీరు దిగారంటే ఇనప ముక్కలే."

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు మాట కదిపింది.

"పెద్ద డీజిల్ పికప్ ఒకటి అమ్మకానికుందట. గట్టి బండి. చూద్దామా?"

మేనల్లుడు చెయ్యి కడుక్కోకుండానే గాల్లో లెక్క మొదలుపెట్టాడు. "డీజిలు తాగుతుంది. టైర్లు కావాలి. మన గేటు పట్టదు, పగలగొట్టాలి. పని లేని రోజుల్లో ఏనుగును ఇంట్లో కట్టేసుకున్నట్టే. అదంతా ఎందుకు, అత్తయ్య ఉండగా?"

"అత్తయ్య మోకాళ్ళు చూశారా? స్టూలెక్కడానికి గోడ పట్టుకుంటున్నారు."

"ఎత్తు తక్కువ స్టూలు చేయిస్తాలే."

"స్టూలు కాదండీ, నేను చెప్పేది..."

"అత్తయ్యకు డీజిలక్కర్లేదు, సర్వీసింగు అక్కర్లేదు. ఏం అత్తయ్యా?"

అందరూ నవ్వారు, అత్తయ్య కూడా. నవ్వాక మంచినీళ్ళు తాగింది. బండి వస్తే బావుండునని ఆవిడకు లోపల్లోపల ఉంది. వస్తే ఒక్కసారైనా ఆ గ్లాసు పూర్తిగా తాగొచ్చు. అంతకన్నా పెద్ద కోరికేమీ లేదని తనకు తనే చెప్పుకుంది. కానీ బండి వచ్చాక ఈ ఇంట్లో తనతో పనేమిటి? ఊరికే కూర్చుని తింటూ, మంచం కూడా కట్టేసుకోవలసిన ముసలిదాన్ని ఎవరైనా ఎన్నాళ్ళు భరిస్తారు?

"మీరేమంటారు?" అంది కోడలు.

"నన్నడగకే. బండికీ నాకూ పోటీ పెట్టి, తీర్పు నన్నే చెప్పమంటే ఎలా?"

సరే, ఒకసారి నడిపి చూసి తేల్చుకుందామని మేనల్లుడు ఒప్పుకున్నాడు.

బండి అమ్మే ఆయన మర్నాడో ఆ తర్వాతో వచ్చాడు. వెంట బండి. గేటు బయటే ఆగిపోయింది, లోపలికి పట్టక. ముక్కు గోడంత, చక్రాలు నడుమెత్తు. ఇంజను పొద్దున్నే గొంతు సవరించుకునే పెద్దమనిషిలా గురగురమంటోంది.

"పడవలు లాగిన బండి సార్ ఇది" అన్నాడు. "మీ రాళ్ళు దీనికి పలహారం."

బెంచీలు ఎక్కించారు. దుంగలు అక్కర్లేదని కోడలంటే, ఎందుకైనా మంచిదని మేనల్లుడు ఆనించాడు. అంతా అయ్యాక అత్తయ్య స్టూలు తెచ్చుకుని, దాని మీంచి చక్రం మీదికి, చక్రం మీంచి బెంచీల మీదికి ఎక్కి కూర్చుంది. ఇస్త్రీ చీర చెంగు నడుముకు దోపుకుంది. ఎందుకు ఎక్కుతున్నానని ఆవిడా అనుకోలేదు, దించుదామని ఎవరికీ తట్టలేదు. అలవాటు అలాంటిది. బండి అమ్మే ఆయన కూడా, "పెద్దావిడా, గట్టిగా పట్టుకోండి" అని ఊరుకున్నాడు.

కోడలు స్టీరింగ్ పట్టుకుంది. బండి కదిలింది. కదిలిందంటే ఎగిరింది. చిన్న గుంట వస్తే చాలు, లోపలున్న ముగ్గురి తలలూ పైకప్పుకు తగిలేవి. వాన పడి తడిగా ఉన్న చిన్న ఎత్తు దగ్గర వెనక చక్రాలు గిర్రున తిరిగాయి గానీ బండి చాలాసేపటి దాకా కదల్లేదు. పక్కనుంచి ఒక సైకిలాయన దిగి నడుచుకుంటూ వీళ్ళను దాటిపోయాడు.

"ఇదేమిటయ్యా, నేలనే పట్టుకోవడం లేదు" అన్నాడు మేనల్లుడు.

"ఖాళీ బండి ఇలాగే ఎగురుతుంది సార్. లోడు వేసి చూడండి, పరుపులా ఉంటుంది."

"లోడు వేశాం కదా."

అమ్మే ఆయన వెనక్కి తిరిగి చూశాడు. బెంచీలున్నాయి. నుదురు తుడుచుకున్నాడు. "అదే నాకూ తెలియడం లేదు."

"నాకు తెలిసింది" అన్నాడు మేనల్లుడు. "మనకొద్దు. కాటా దాకా వచ్చాం కాబట్టి చీటీ తీసుకుని, వెనక్కి తిప్పు."

కోడలు పెదవి కొరుక్కుని ముందుకు పోనిచ్చింది. బండి ఎగురుకుంటూ కాటా పలక మీదికెక్కి ఆగింది. పైన కూర్చున్న అత్తయ్యకు కిటికీలోంచి ఆ 'వద్దు' స్పష్టంగా వినబడింది. హమ్మయ్య అనుకుంది. అనుకున్నాక చాలా బాధేసింది.

కాటాయన గ్లాసుతో నిలబడి ఉన్నాడు. బండి కొత్తదైనా పైనున్న మనిషిని దూరం నుంచే పోల్చుకున్నట్టున్నాడు. అత్తయ్య చక్రం మీద కాలు పెట్టి, మెల్లగా నేలమీదికి దిగింది.

బండి ఒక్కసారి ఒదిగింది. గుడ్ల మీద కోడి సర్దుకుని కూర్చున్నట్టు, అంతే. కాటా ముల్లు అటు చివరిదాకా పరిగెత్తి ఆగింది.

"అత్తయ్యా, ఎక్కు ఎక్కు" అని మేనల్లుడు అలవాటుగా కేకవేశాడు.

రెండు గుక్కలు తాగి, గ్లాసు తిరిగివ్వబోయి, అత్తయ్య ఆగింది. ఏదో తక్కువైంది. ఏమిటా అని చూస్తే, మూలుగు. టైర్లు అణగలేదు. ఇరుసు నోరు మెదపలేదు.

కోడలు ఇంజను ఆపి దిగింది. బండి చుట్టూ తిరిగి, వెనక చక్రాన్ని కాలితో ఒక్కటిచ్చింది. "ఏమండీ, ఒకసారి దిగండి."

మేనల్లుడు దిగి, వంగి కిందికి చూశాడు. బరువు మోసే కమాను పట్టెలు అన్నం తిన్న మనిషిలా నిబ్బరంగా ఉన్నాయి. టైరును బొటనవేలితో నొక్కాడు. లేచి అత్తయ్యను చూశాడు, బండిని చూశాడు, మళ్ళీ అత్తయ్యను చూశాడు.

"ఇంతసేపూ మనం అత్తయ్యను నడిపి చూశాం" అన్నాడు మెల్లగా. "బండిని కాదు."

"ఇప్పుడు బండిని చూద్దాం" అంది కోడలు. "అత్తయ్యా, మేం కొండెక్కి బెంచీలు దించేసి వస్తాం. మీరు టీ తాగుతూ ఉండండి."

"ఒక్కదానివీ ఉంటావా?" అన్నాడు మేనల్లుడు.

"ఒక్కదాన్నేమిట్రా, ఈయన లేరూ?"

బండి వెళ్ళింది. తడి రోడ్డు మీద చక్రాలు నేలను పట్టుకుని, తొందర లేకుండా, ఒకే గొంతుతో కొండెక్కింది. అత్తయ్య చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, మలుపు తిరిగేదాకా చూసింది. అన్ని రాళ్ళు తను లేకుండా వెళ్ళిపోవడం ఆవిడ జన్మలో చూడలేదు.

"వెళ్ళిపోయింది" అంది.

"వెళ్ళిపోయింది" అన్నాడు కాటాయన. "కూర్చోండి."

"వద్దులెండి. నేను కూర్చుంటే బెంచీ నిలవదు. గాలికి రోడ్డు మీదికి పోతుంది."

"పోదు."

ఆయన అన్న తీరుకు ఆవిడ కూర్చుంది. కొండ మీంచి గాలి బాగానే వస్తోంది. బెంచీ కదల్లేదు. అటూ ఇటూ ఊగి చూసింది. కదల్లేదు. వంగి చూస్తే, బెంచీ కాళ్ళు సిమెంటులోకి బోల్టులతో బిగించి ఉన్నాయి.

"ఇవెప్పుడు వేశారు?"

"తుప్పు చూడండి, తెలుస్తుంది."

చూసింది. బాగా పాత తుప్పు. వేలితో రుద్దితే పొడిగా రాలింది. ఇంట్లో ఇన్నేళ్ళూ తాడుతో కట్టారు, వదులైనప్పుడల్లా బిగించారు, అదీ ప్రేమే. ఇక్కడ ఒక మనిషి ఏమీ చెప్పకుండా బోల్టులు వేసి, ఆవిడ కూర్చునే రోజు కోసం గులాబీకి టీ పోస్తూ ఉన్నాడు.

గ్లాసెత్తి తాగింది. మూడో గుక్క. నాలుగో గుక్క. చివరికొచ్చేసరికి కళ్ళు పెద్దవయ్యాయి.

"తియ్యగా ఉంది."

"కలపడం నాకు చేతకాదు" అన్నాడాయన. "పంచదారంతా అడుగునే ఉంటుంది."

"ఇన్నాళ్ళూ చప్పటి టీ అనుకున్నానండీ."

"అడుగుదాకా ఎప్పుడు తాగావు గనక?"

అత్తయ్య నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఖాళీ గ్లాసు చాచింది. "ఇంకోటి పెట్టు. ఈసారి నేను కలుపుతా."

పికప్ కొండ దిగి వచ్చేసరికి ఇద్దరూ బెంచీ మీదే ఉన్నారు. మేనల్లుడు దూరం నుంచే చెయ్యూపాడు. "గేటు పగలగొట్టాల్సిందే అత్తయ్యా. రా, ముందు సీట్లో కూర్చో, ఇంటికెళదాం."

"మీరు పదండి" అంది అత్తయ్య. "నా గ్లాసు ఇంకా కాలేదు."

మేనల్లుడు ఏదో అడగబోయాడు. కోడలు అతని మోచెయ్యి పట్టుకుని బండెక్కించింది.

గేటు పగలగొట్టారు. బండి వచ్చింది. దానిమీద మొదట వెళ్ళిన సామాను రాళ్ళు కాదు, అత్తయ్య మంచం. కాటా పక్క గదిలో దానికీ బోల్టులు పడ్డాయి. తాడు వృథా కాలేదు, గులాబీకి పందిరి కట్టారు. టీ అందక గులాబీ కాస్త చిక్కింది గానీ, పూలు తగ్గలేదు. మేనల్లుడు ఇప్పటికీ బరువు ఎక్కించాక చుట్టూ చూసి, "అత్తయ్యా, ఎక్కు" అంటాడట. బండికి ఇంట్లో అందరూ పెట్టిన పేరు కొత్తత్త.

కోడలుపిల్లా, ఇది చదివి పేర్లు ఒకసారి సరిచూడు. కొత్తత్త అన్నది ముందు నువ్వో మీ ఆయనో నాకు గుర్తులేదు. బండి అమ్మినాయన్ని ఏమని పిలిచేవాళ్ళమో కూడా పోయింది. తప్పుంటే దిద్దు. గ్లాసు అడుగున పంచదార సంగతి మాత్రం ముట్టుకోకు. అది నాలుక మీదే ఉంది.